మూల కుప్ప మీది ముద్ర

"ఆపకండి! కెమెరా ఆపకండి!" వైకుంఠరావుగారు గొంతు చించుకుంటున్నారు.

కెమెరా ఆగలేదు. ఉప్పు కుప్పలోంచి బయటపడ్డ చేతి వైపే అది తిరిగి ఉంది.

మిట్టమధ్యాహ్నం. సినిమాకి వెలుతురు కావాలని, ఉప్పు నిలవచేసే మా కొటారు కప్పు మీది తాటాకులన్నీ విప్పేశారు. ఎండ నేరుగా ఉప్పు మీద పడి, కళ్ళు చికిలించుకుంటే తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆ తెలుపులో మోచేతి దాకా ఒక చెయ్యి. రామయ్యపట్నం ఒడ్డున ఎండబెట్టిన చేపలా బిగుసుకుపోయి, గోధుమరంగుకి తిరిగి ఉంది. వేళ్ళు కొంచెం ముడుచుకుని ఉన్నాయి, ఎవరినో దగ్గరికి రమ్మంటున్నట్టు.

"ఎంత బాగా చేశారండీ బొమ్మని!" అంది ఈశ్వరమ్మగారు. ఆ సినిమాలో దెయ్యం వేషం ఆవిడదే. మొహం నిండా సుద్ద, జుట్టు నిండా ఉప్పు. "గోళ్ళు కూడా పెట్టారే!"

డైరెక్టరు వైకుంఠరావుగారి గొంతు ఒక్కసారి తగ్గిపోయింది. "బొమ్మ ఇంకా రాలేదమ్మా. రేపు వస్తుంది."

అసిరయ్య పార పక్కన పెట్టాడు. అతను మా కొటారు కావలివాడు. వంగి, ఆ చేతి మీది ఉప్పుని అరచేత్తో తుడిచాడు. గాజులు బయటపడ్డాయి. నాలుగు ఆకుపచ్చవి, మధ్యలో ఒక్క ఎర్రది, మళ్ళీ నాలుగు ఆకుపచ్చవి.

"సిన్నమ్మగోరు..." అన్నాడు. ఆ తర్వాత అరిచాడు.

ఆ అరుపు మీలో కొందరు వినే ఉంటారు. 'ఉప్పు కోడలు' టాకీలో, ఆఖరి రీలుకి ముందు వస్తుంది. శబ్దం మిషను దగ్గర కూర్చున్న బెంగాలీ బాబు మీట కట్టెయ్యలేదు. ఆ అరుపు ఎవరు అరిచారో, ఎలా అరిపించారో అని ఇప్పుడు పెద్దపెద్దవాళ్ళు వ్యాసాలు రాస్తున్నారు. ఎవరూ అరిపించలేదు. మా అసిరయ్య అరిచాడు.

నేను కొటారు గుమ్మం దగ్గర ఉన్నాను. నా పేరు వాసవీకుమారి. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. ఆ గాజుల వరస చూడగానే గుర్తుపట్టాను. ఎనిమిదేళ్ళ వయసులో ఆ చేతి మీద తల పెట్టుకుని నిద్రపోయినదాన్ని. రంగూన్‌లో ఉండే మా బాబాయి భార్య, మా పిన్ని పుణ్యవతి సినిమా కంపెనీ వాళ్ళతో మోటారెక్కి లేచిపోయిందని పదేళ్ళుగా మా ఇంట్లో అనుకుంటున్నాం. ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు.

*

సాయంత్రానికి మా నాన్న బరంపురం నుంచి మోటారులో దిగాడు. అక్కడ గేట్ బజారులో మాది ఉప్పు హోల్‌సేలు దుకాణం. గంజాంలో కొటారు, దాని పక్కన పాత ఇల్లు. నాన్న కుప్ప దాకా నడిచి వెళ్ళి, చూసి, ఉత్తరీయంతో మొహం కప్పుకున్నాడు. భుజాలు రెండుసార్లు కదిలాయి. తర్వాత ఉత్తరీయం దింపి, అప్పటికే వచ్చి ఉన్న పోలీసు దారోగా వైపు తిరిగాడు. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"పదేళ్ళు మా ఇంటి పరువు బజారున పడిపోయింది, దారోగా బాబూ. రంగూన్‌లో ఉన్న మా తమ్ముడు ఈ అప్రతిష్ఠకే మళ్ళీ ఊరి మొహం సూడలేదు. ఇదా సంగతి! కొటారు తాళం ఎవుడి దగ్గరుంటాదో ఊరందరికీ తెలుసు."

దారోగా కటకం వైపు మనిషి. ఒరిస్సా వేరే రాష్ట్రమై అప్పటికి రెండేళ్ళు. మద్రాసు వాళ్ళు వెళ్ళిపోయాక వచ్చిన కొత్త అధికారులకి మా తెలుగు సగమే అర్థమయ్యేది. కానీ తాళం అన్న మాట ఆయనకి బాగానే అర్థమయింది.

"తాళం ఎవరి దగ్గర?"

"నా దగ్గరే బాబూ," అన్నాడు అసిరయ్య. అబద్ధం ఆడడం అతనికి తట్టనే లేదు. "ఒకటి నా దగ్గర, ఇంకోటి బాబుగోరి దగ్గర."

"నాది గేట్ బజారు పెట్లో పడుంటాది," అన్నాడు నాన్న.

అసిరయ్య చేతులు వెనక్కి కట్టారు. మర్నాడు పొద్దున్న బస్సులో ఛత్రపురం తీసుకెళ్తానన్నాడు దారోగా. ఛత్రపురం తీసుకెళ్తే ఆ తర్వాత ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. కొటారులో కోడలు శవం, చేతిలో తాళం, అడగడానికి దిక్కులేని కూలీ మనిషి. ఉరి తప్ప ఇంకేముంటుంది?

అతని పెళ్ళాం కాసులమ్మ పరుగెత్తుకొచ్చింది. ఏడవలేదు, అరవలేదు. మా ఇంటి మెట్టు మీద కూర్చుని, లోపల నిలబడ్డ మా అమ్మ వంక చూసింది.

"అమ్మగోరూ, తవ్వమన్నది మీరే గదా?"

కాసులమ్మ ఆ మెట్టు దిగలేదు.

అవును. తవ్వమన్నది మా అమ్మే. ఎందుకన్నదో చెప్పాలంటే మూడు వారాలు వెనక్కి వెళ్ళాలి.

*

ఆ వేసవి మొదట్లో వైకుంఠరావుగారి కంపెనీ గంజాంలో దిగింది. పదేళ్ళ కిందట వేరే కంపెనీ వాళ్ళు ఇదే కొటారులో ఒక మూగ సినిమా తీశారు. దాని పేరూ 'ఉప్పు కోడలే'. మొగుడు పెళ్ళాన్ని చంపి ఉప్పులో పాతిపెడతాడు. ఉప్పులో ఉన్న మనిషి కుళ్ళదు. ఆమె తెల్లగా లేచి వచ్చి, ఊరి నడుమ నిలబడి, తనని చంపినవాడి పేరు చెబుతుంది. కలకత్తా నుంచి కాకినాడ దాకా జనం ఆ మూగ సినిమాని భయంతో వణుకుతూ మళ్ళీ మళ్ళీ చూశారట. ఇప్పుడు దాన్ని మాటలతో మళ్ళీ తియ్యాలి. అదే చోట, అదే వరసలో, బొమ్మకి బొమ్మ అచ్చుగుద్దినట్టు తియ్యాలని వైకుంఠరావుగారి పట్టుదల.

కంపెనీకి మా ఇంట్లోనే బస, భోజనాలు. వంట చూసుకోవడానికి అమ్మా నేనూ బరంపురం నుంచి వచ్చాం. నాన్న దుకాణం విడిచి రాలేదు. ఒక్క షరతు పెట్టాడు. "మూల కుప్ప మాత్రం ముట్టకండి. అది అడుగుప్పు. మా తాతల నాటి నుంచి ఎత్తకుండా ఉంచేదే."

వైకుంఠరావుగారు సరేనన్నారు.

మొదటి రోజు నుంచే కొటారులో ఏదో తేడాగా ఉంది. బెంగాలీ బాబు చెవులకి మిషను తగిలించుకుని మాటిమాటికీ చెయ్యెత్తి ఆపేవాడు.

"గాజులు! ఎవరో గాజులు ఆడిస్తున్నారు!"

ఆడవాళ్ళందరం గాజులకి గుడ్డ చుట్టుకున్నాం. అయినా మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ చెయ్యెత్తాడు. మూలవైపు చూపించాడు. అక్కడ కుప్ప తప్ప ఏమీ లేదు.

"ఎండకి ఉప్పు పగిలితే అలాగే మోగుతాది బాబూ," అన్నాడు అసిరయ్య నవ్వుతూ. "కప్పు ఇప్పేసినారు గదా. ఉప్పు కూడా ఉలికిపడతాది."

అందరం నవ్వాం. బెంగాలీ బాబు నవ్వలేదు. ఇంకోసారి నేనూ ఆ చెవి మిషను పెట్టుకుని విన్నాను. అది ఉప్పే అయి ఉండాలి. ఉప్పే అని ఈ రోజుకీ నాకు నేను చెప్పుకుంటాను.

మూడో రోజున వైకుంఠరావుగారు మా ఇంటి హాల్లో కిటికీలకి చాపలు కట్టించి, గోడకి తెల్ల దుప్పటి వేసి, పాత మూగ సినిమా రీళ్ళు చేత్తో తిప్పి చూపించారు. ఏ బొమ్మ ఎలా తియ్యాలో తన మనుషులకి తెలియాలని. అమ్మా నేనూ తలుపు వార నిలబడి చూశాం. అమ్మ చేతిలో చిక్కుడుకాయల చేట ఉంది. చూస్తూనే ఈనెలు తీస్తోంది.

శబ్దం లేని సినిమా చూడడం చిత్రంగా ఉంటుంది. నోళ్ళు తెరుచుకుంటాయి, ఏమీ వినిపించదు. మిషను కరకరలాడుతూ ఉంటుంది. దుప్పటి మీద మా కొటారు కనిపించింది. ఖాళీ మూలలో హీరోయిన్ నక్కి కూర్చుంది. మొగుడు వస్తాడు. ఆమె మొహం. చీకటి. మళ్ళీ కొటారు. ఆ మూలలో ఇప్పుడు నిండు కుప్ప.

"ఇక్కడ చూడండి," అన్నారు వైకుంఠరావుగారు మిషను ఆపి. "ఇంత గొప్ప సినిమాలో ఇంత పెద్ద తప్పు! కిందటి బొమ్మలో మూల ఖాళీ. ఈ బొమ్మలో కుప్ప. కథలో ఇంకా చంపనే లేదు, పాతిపెట్టనే లేదు. మధ్యలో ఒక్క రోజు సెలవిచ్చారని వాళ్ళ పుస్తకంలో ఉంది. మంగళవారం, ఠాకురాణి అమ్మవారి జాతరకి కూలీలంతా బరంపురం పోయారట. బుధవారం వచ్చి చూసుకోకుండా తీసేశారు. అజాగ్రత్త!"

నేను కుప్ప వంక చూడలేదు. కుప్ప మీద ఉన్న గుర్తుల వంక చూశాను.

మా వ్యాపారంలో ఒక అలవాటు ఉంది. కుప్ప పోసిన వెంటనే చెక్క ముద్రకి తడి బూడిద పూసి, నాలుగు వైపులా ఒత్తుతాం. ఆ తర్వాత ఎవరైనా గుప్పెడు ఉప్పు తీసినా ముద్ర చెదిరిపోతుంది, దొంగతనం బయటపడుతుంది. మా ఇంటి ముద్ర తక్కెడ గుర్తు. దాన్ని ఇంటికి పెద్దవాడే ఒత్తాలి. నాన్న దాన్ని మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడు, స్నానానికి కూడా విప్పేవాడు కాదు. ఇల్లు తగలబడుతున్నా ముద్ర వెయ్యకుండా కుప్ప వదిలి బయటికి రాడని దుకాణంలో గుమాస్తాలు నవ్వుకునేవారు.

దుప్పటి మీది మూల కుప్పకి నాలుగు తక్కెడలు ఉన్నాయి. నల్లగా, తాజాగా, ఒక్క అంచు కూడా చెదరకుండా.

తాతల నాటి అడుగుప్పు అన్నాడు నాన్న. సోమవారం నాడు ఆ మూల ఖాళీగా ఉంది. పిన్ని కనపడకుండా పోయింది ఆ మర్నాడే.

నా పక్కన చేట కింద పడింది. చిక్కుడుకాయలు నేలంతా దొర్లాయి. అమ్మ వాటిని ఏరుకోలేదు. లోపలికి వెళ్ళిపోయింది.

నేను వెనకాల వెళ్ళాను. పొయ్యి దగ్గర కూర్చుని ఉంది.

"సూసావా?" అంది.

"సూశాను."

అంతే. నేను కట్టెలు ఎగదోశాను. అమ్మ ఎసట్లో బియ్యం పోసింది.

*

తర్వాతి గొడవ మాటల దగ్గర వచ్చింది.

మూగ సినిమాలో దెయ్యం పేరు చెప్పాల్సిన చోట తెర మీద అక్షరాలు పడేవి. టాకీలో ఈశ్వరమ్మగారు నోటితో చెప్పాలి. కథలో మొగుడి పేరు ధర్మలింగం. "నన్ను చంపింది ధర్మలింగం!" అనాలి.

ఈశ్వరమ్మగారు నాటకాల్లో పేరు మోసిన మనిషి. ఎలాంటి వేషమైనా వేసేది. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ఆగిపోయింది.

"మొగుడి పేరు ఎలా ఎత్తమంటారండీ? 'నన్ను చంపింది నా పెనిమిటి' అంటాను. జనానికి అర్థం కాదా?"

"పేరే కావాలమ్మా. పేరులోనే ఉంది సినిమా అంతా."

వంట చేసే కూర్మమ్మ బుగ్గలు నొక్కుకుంది. "సచ్చినదైతే మాత్రం? మొగుడి పేరెత్తితే ఆయుస్సు తగ్గిపోదేటి?"

"ఎవరి ఆయుష్షు?" అన్నారు వైకుంఠరావుగారు విసుగ్గా. "వాడు ఆవిడ ఆయుష్షు మొత్తం తీసేశాడు. చచ్చాక ఇంకెవరికి భయపడాలి ఆవిడ?"

అమ్మ అక్కడే అందరికీ మజ్జిగ పోస్తోంది. గ్లాసు నిండి పొర్లిపోతున్నా చెంబు ఎత్తలేదు.

మా అమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆవిడ పేరు కామాక్షి. నాన్న పేరుని ఆవిడ నోట ఎవరూ వినలేదు. పేరు మాట అలా ఉంచండి, అందులో సగం దేవుడి పేరు కాబట్టి దేవుణ్ణి కూడా పిలిచేది కాదు. చైత్రంలో వచ్చే నవమిని 'పానకాల పండగ' అనేది. భజనలో అందరూ ఆ పేరు పాడే చోట ఆవిడ పెదవులు మూసుకుని తాళం మాత్రం వేసేది. ఊళ్ళో ఎవరైనా "ఎవరి ఇంటావిడవమ్మా?" అని అడిగితే నన్ను ముందుకి తోసి, "సెప్పమ్మా మీ నాన్న పేరు" అనేది. చిన్నప్పటి నుంచీ ఆ పేరు పలకడం నా పని.

ఆ మాట గొడవ పది రోజులైనా తెగలేదు. అప్పుడొక సాయంత్రం వైకుంఠరావుగారు తల పట్టుకుని కూర్చున్నారు. మూల ఖాళీగా ఉన్న బొమ్మ తియ్యాలంటే కుప్ప తియ్యాలి. మా నాన్న వద్దన్నాడు. వేరే కొటారు వెతుక్కుందామని మనుషుల్ని పక్కనున్న హుమ్మా ఊరి వైపు పంపారు.

మర్నాడు పొద్దున్న అమ్మ కొటారు దాకా వచ్చింది. సినిమా మొదలయ్యాక ఆవిడ అక్కడికి రావడం అదే మొదలు. గుమ్మం దాటలేదు.

"అసిరయ్యా, మూల కుప్ప ఎత్తెయ్."

అసిరయ్య బుర్ర గోక్కున్నాడు. "అది అడుగుప్పని సెప్పి బాబుగోరు ముట్టొద్దన్నారు."

"నాను సెప్పానని సెప్పు."

అంత మాత్రమే. ఎందుకని ఎవరూ అడగలేదు. వైకుంఠరావుగారు ఆనందంతో, తవ్వుతున్నప్పుడే కెమెరా తిప్పమన్నారు. అది కూడా సినిమాలో పనికొస్తుందని.

*

ఇప్పుడు మీకు తెలిసిన సంగతికి వస్తాను. ఆ టాకీ మరుసటి ఏడు విడుదలయింది. బరంపురంలో మూడు రోజులు ఆడింది. దెయ్యం మొగుడి పేరు చెప్పే చోట హాలంతా ఈలలు, గోల. "సిగ్గు నేదేటే, దెయ్యమా!" అని ఒకడు అరిస్తే అందరూ పగలబడి నవ్వారు. ఆడవాళ్ళ బెంచీలు లేచి వెళ్ళిపోయాయి. మూగ సినిమా బంగారం, ఇది ఇత్తడి అని పత్రికలు రాశాయి. రీళ్ళు రేకు పెట్టెలో పడ్డాయి.

నాలుగు దశాబ్దాలు దాటాక ఎవరో ఆ పెట్టె తెరిచారు. మొన్న భువనేశ్వరంలో ఆ సినిమా వేసి, నన్నూ పిలిచారు. పదేపదే చప్పట్లు. పాతదాన్ని మించిందట. నవ్వించిన ఆ ఒక్క మాటే సినిమాకి ప్రాణమట. ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి అడిగింది: "ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతు నటిస్తున్నట్టు లేదండీ. ముందు భయం, తర్వాత భయం పోవడం రెండూ వినిపిస్తాయి. అది ఎలా వచ్చింది?"

ఈశ్వరమ్మగారు ఆ మాట పది రోజులు పలకలేకపోయి, ఒక సాయంత్రం ఒక్కసారే పలికింది. ఆ రోజు పొద్దున్న ఆవిడ మా అరుగు మీద ఉంది. అక్కడ ఏం విన్నదో ఇప్పుడు చెబుతాను.

*

పొద్దున్న ఏడు గంటలు. ఛత్రపురం బస్సు ఎనిమిదింటికి. దారోగా మా అరుగు మీద బల్ల వేయించుకుని కూర్చున్నాడు. పక్కన రైటరు, కాగితాలు, సిరాబుడ్డి. అసిరయ్య స్తంభానికి ఆనుకుని నేల మీద ఉన్నాడు. కాసులమ్మ రాత్రంతా కూర్చున్న మెట్టు మీదే ఉంది. నాన్న కుర్చీలో, కాలు మీద కాలు వేసుకుని.

వైకుంఠరావుగారు తెల్లవారుజామునే దారోగాని లేపి పాత రీళ్ళు చూపించారట. సోమవారం ఖాళీ మూల, బుధవారం నిండు కుప్ప, నాలుగు తక్కెడ ముద్రలు. నేనే ఆయనకి ముద్ర సంగతి చెప్పాను.

"అయితే మంగళవారం జరిగింది," అన్నాడు దారోగా. "ముద్ర మీదేనా?"

"మాదే," అన్నాడు నాన్న తడుముకోకుండా. "ఆ రోజు ముద్ర కూడా అసిరయ్యకే ఇచ్చి ఎల్లాను. నాను బరంపురంలో ఉన్నాను. జాతర గదా."

అసిరయ్య నోరు తెరిచాడు. "నానే జాతరకెల్లాను బాబూ! మొక్కుంది నాకు. పులేసం కట్టాను!"

"ఎవరు చూశారు?"

అసిరయ్య చుట్టూ చూశాడు. పాపం, నవ్వొచ్చినట్టయింది అతనికి. "పులేసంలో ఉన్నాను బాబూ. ఒళ్ళంతా పులి రంగే. నన్నెవుడు గుర్తుపడతాడు?"

రైటరు నవ్వాడు. దారోగా నవ్వలేదు గానీ, కాగితం మీద ఏదో రాయమని వేలితో చూపించాడు.

"మంగళవారం మీరు బరంపురంలో ఉన్నారని ఎవరు చెబుతారు?" అని నాన్నని అడిగాడు.

"మా ఆడోళ్ళని అడగండి," అన్నాడు నాన్న. ఎంత ధీమాగా అన్నాడో! తలుపు వైపు తల కూడా తిప్పలేదు. "కామాక్షీ, సెప్పు బాబుగారికి."

అమ్మ గడప దాటి వచ్చింది. పరాయి మగవాళ్ళ ముందు అరుగు మీదికి ఆవిడ రావడం నేను చూడడం అదే. తల మీద కొంగు సర్దుకుంది. అసిరయ్య వంక చూసింది.

"మంగళారం సాయంత్రం అసిరయ్య గేట్ బజారులో మా గుమ్మంలో ఉన్నాడు. పులేసంలో ఆడతన్నాడు. నానే సేటతో బియ్యం పోశాను."

"రంగులో ఉన్న మనిషి అసిరయ్యే అని ఎలా తెలుసు, మా?" ఒడియాలో పెద్దావిడని పిలిచినట్టే పిలిచాడు దారోగా.

"ఉప్పుమళ్ళలో పనిసేసినోడి మడమలు పగిలిపోయుంటాయి బాబూ. వాటికే రంగూ అంటుకోదు. అసిరయ్య ఎడం మడమకి అడ్డంగా పెద్ద పగులు. సూడండి, ఇప్పుడూ ఉంది."

దారోగా లేచి చూశాడు. అసిరయ్య కాలు ముడుచుకోబోయి, ఆగి, చాపాడు. ఉంది.

నాన్న కాలు మీది కాలు తీశాడు. "కామాక్షీ. లోపలికెల్లు."

అమ్మ కదల్లేదు.

"పుణ్యవతి ముందు రోజు నాకో మాట సెప్పింది," అంది. గొంతు పైకి లేవలేదు, వంటింట్లో మాట్లాడినట్టే ఉంది. "రాత్రిళ్ళు తన గది తలుపు తడతన్నారని. ఇలాగయితే రంగూన్‌కి ఉత్తరం రాసేస్తానని. ఓర్సుకోమన్నాను నాను. జాతర అయ్యాక సూద్దామన్నాను. నాను పిల్లని తీసుకుని బరంపురం ఎల్లిపోయాను. దాన్ని ఇక్కడే ఒదిలేశాను."

ఎక్కడో కాకి అరిచింది. ఈశ్వరమ్మగారు స్తంభం పట్టుకుని నిలబడింది.

"బుధారం ఇంటికొచ్చారు. గోళ్ళ సందుల్లో బూడిద. పంచె తడిపితే బిందెడు నీళ్ళూ ఉప్పయిపోయాయి. నాను అడగలేదు. పదేళ్ళు అడగలేదు. ముద్ర ఎప్పుడూ ఉండే సోటే ఉంది, మొలతాడుకి."

"ఎవరి మొలతాడుకి?" అన్నాడు దారోగా.

"ఆయనకి."

రైటరు కలం ఆగింది. "ఆయన అని రాస్తే చెల్లదు హుజూర్."

"ఆయన అంటే ఎవరు?" దారోగా ముందుకి వంగాడు. ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషిని ఆయన చూస్తూనే ఉన్నాడు. అయినా అడగాలి. "తలుపు కొట్టింది ఎవరు? పంచె ఎవరిది? నాఁ కుహంతు, మా. పేరు చెప్పండి. పేరు లేకపోతే ఈ కాగితం చించెయ్యాలి. వీణ్ణి బస్సెక్కించాలి."

నాన్న మొహంలో కొంచెం రంగు తిరిగింది. నాకు ఇప్పటికీ గుర్తే, ఆయన దాదాపు నవ్వాడు. ఇరవై ఏళ్ళు కాపరం చేసినవాడికి ఆ నోటి సంగతి తెలుసు.

వీధి చివర బస్సు హారను మోగింది. కాసులమ్మ మెట్టు మీది నుంచి లేచి నిలబడింది.

అమ్మ నా వైపు తిరిగింది. చిన్నప్పటి నుంచీ తిరిగినట్టే. అది నా పని. నేను ముందుకి వచ్చాను. నోరు తెరిచాను.

అమ్మ అరచెయ్యి నా నోటి మీద పడింది. చల్లగా ఉంది. చింతపండు వాసన. గాజులకి చుట్టిన గుడ్డ ఎప్పుడు విప్పేసిందో, అవి నా చెవి పక్కన గలగలలాడాయి.

ఆవిడ దారోగా వంక కాదు, కుర్చీ వంక చూసింది.

"రాసుకోండి బాబూ," అంది మా అమ్మ. "రామచంద్రరావు."